నీటి తొట్టెలో ఓడ పలక

మూడు వారాలుగా నా పనంతా ఒకే ఒక్క ఓడ పలక చుట్టూ తిరుగుతోంది. రెండు మీటర్లకు కాస్త పైబడిన పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ళ మందం ఉన్న ఓక్ కొయ్య అది. కొన్ని వందల ఏళ్ళు ఒండ్రులో కూరుకుపోయి ఉండటంవల్ల బొగ్గులా నల్లబడింది. చూడటానికి గట్టిగానే కనబడుతుంది గాని గోటితో నొక్కితే గుంట పడుతుంది. కొయ్యకు బలమిచ్చే సెల్యులోజ్‌ను సూక్ష్మజీవులు ఎప్పుడో తినేశాయి. ఆ ఖాళీలో నిండిన నీరే ఇప్పుడు దాని ఆకారాన్ని నిలబెడుతోంది. ఆరిందంటే కణాల గోడలు కుంగిపోయి పలక మెలితిరుగుతుంది, పగులుతుంది. అందుకని ఉదయం ఇద్దరం కలిసి దాన్ని తొట్టెలోంచి ఎత్తి బల్ల మీద పెడతాం, పని చేసినంతసేపూ నీళ్ళు చిలకరిస్తూనే ఉంటాం, సాయంత్రం తిరిగి తొట్టెలోకి దించుతాం. ఇంకా ప్రచురణ కాని తవ్వకానికి చెందినది కాబట్టి ఆ ఓడ పేరు, అది దొరికిన చోటు ఇక్కడ రాయను.

సముద్ర పురావస్తు శాస్త్రంలో పీజీ చదువుతున్నానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ఇప్పటికి ఎన్ని ఓడలు దొరికాయని. రెండో ప్రశ్న నిధి గురించి. ఆ ప్రశ్నలను నేను తప్పుపట్టను. చేరకముందు నా మనసులోనూ నీలి నీళ్ళు, ఇసుకలో సగం పూడిన జాడీలే ఉండేవి. ఈ చదువు రెండో ఏడాది సగం గడిచేసరికి నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఈ శాస్త్రంలో సముద్రం వంతు తక్కువ. కొయ్య, ఉప్పు, కొలత, కాగితం, వీటి వంతు చాలా ఎక్కువ. సముద్రమంటే ఇష్టం ఉన్నవారు ఎందరో దీనిలో చేరతారు. చివరిదాకా ఉత్సాహంగా నిలబడేవారు మాత్రం ఒడ్డున, దీపం కింద, నెలల తరబడి సాగే పనిని ఇష్టపడినవారేనని నా సహాధ్యాయులను చూసి తెలుసుకున్నాను. ఎందుకలా అంటున్నానో కొంచెం విడమరచి రాస్తాను, ఎందుకంటే చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి విశ్వవిద్యాలయాల కరపత్రాలు ఈ సంగతి చెప్పవు.

ఈ శాస్త్రం తన కాళ్ళ మీద నిలబడింది ఒక విద్యార్థి వల్లేనని గుర్తు చేసుకున్నప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది. 1960లో జార్జ్ బాస్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. తుర్కియే దక్షిణ తీరాన గెలిడోన్యా అగ్రం దగ్గర మునిగిపోయిన కంచుయుగపు ఓడ ఒకటి ఉందని, స్పాంజీలు ఏరే డైవర్ల నోట విని, పీటర్ థ్రాక్‌మార్టన్ అనే పాత్రికేయుడు లోకానికి తెలియజేశారు. దాన్ని తవ్వే బాధ్యత బాస్‌కు అప్పగించారు. ఆయనకు డైవింగ్ రాదు. ఆ తవ్వకం కోసమే నేర్చుకున్నారు. అప్పటిదాకా నీటి అడుగున పురావస్తు పని అంటే డైవర్లు వస్తువులు పైకి తేవడం, ఒడ్డున కూర్చున్న పండితులు వాటిని చూసి కాలం నిర్ణయించడం. డైవర్‌కు పురావస్తు శాస్త్రం నేర్పడం కంటే పురావస్తు శాస్త్రజ్ఞుడికి డైవింగ్ నేర్పడం సులువని బాస్ బృందం చేసి చూపింది. నేల మీద తవ్వకంలో ఎంత కచ్చితంగా ఉంటారో నీళ్ళలోనూ అంత కచ్చితంగా, ప్రతి వస్తువూ ఎక్కడ ఏ స్థితిలో పడి ఉందో గుర్తించి, ఆ తరువాతే దాన్ని కదిపారు. ఓడ సిబ్బంది సొంత సామాను, తూకపు రాళ్ళు, ముద్రిక మొదలైనవాటిని బట్టి అది మైసీనియన్ గ్రీకుల ఓడ కాదనీ, పశ్చిమాసియా తీరం నుంచి వచ్చినదనీ ఆయన వాదించారు. ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. తరువాతి తవ్వకాలు ఆ వాదానికి బలమిచ్చాయి.

అలాంటి తవ్వకాల్లో పెద్దది అదే తీరంలోని ఉలుబురున్. 1982లో ఒక స్పాంజి డైవర్ నీటి అడుగున ‘చెవులున్న లోహపు బిస్కట్లు’ చూశానని చెప్పాడు. నాలుగు మూలలా పట్టుకోవడానికి వీలుగా పోతపోసిన రాగి దిమ్మెలవి. 1984 నుంచి 1994 వరకు 11 వేసవులు అక్కడ పని సాగింది. సుమారు 10 టన్నుల రాగి, ఒక టన్ను తగరం, నీలిరంగు గాజు దిమ్మెలు, ఈజిప్టు రాణి నెఫర్తీతి పేరు చెక్కిన చిన్న బంగారు ముద్రిక బయటపడ్డాయి. మొదటి సెమిస్టర్‌లో మా ఆచార్యులు ఈ జాబితా చదివి, బోర్డు మీద రెండు అంకెలు మాత్రం రాశారు: 22,413 డైవ్‌లు, 6,613 గంటలు. మొదటిదానితో రెండోదాన్ని భాగించమన్నారు. ఒక్కొక్క డైవ్‌కు 18 నిమిషాలు కూడా రాదు. ఓడ 44 మీటర్ల లోతు నుంచి మొదలై 60 మీటర్ల దాకా వాలు మీద పరుచుకుని ఉంది; ఆ లోతులో నత్రజని మత్తుకు బుద్ధి మందగిస్తుంది, ఎక్కువసేపు ఉంటే పైకి రావడానికి ఆగవలసిన సమయం అంతకంతకూ పెరుగుతుంది. కాబట్టి దిగేముందే ఆ పద్దెనిమిది నిమిషాల్లో ఏం చేయాలో, ఏ చేత్తో ఏది పట్టుకోవాలో కూడా ఒడ్డున నిర్ణయమైపోవాలి. పదకొండు వేసవుల్లో తీసిన వస్తువులను శుభ్రం చేసి, గీసి, అధ్యయనం చేయడానికి పట్టిన కాలం ఆ వేసవుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బాస్, ఆయన తరువాత ఆ తవ్వకాన్ని నడిపిన చెమాల్ పులాక్, ఇలాంటి పనికి తమ జీవితాలనే ఇచ్చారు.

నా మొదటి శిక్షణ తవ్వకం లోతు ఆరు మీటర్లే. నీరు టీ డికాక్షన్ రంగులో ఉండి, చాచిన చేతి వేళ్ళు కనిపించేవి కావు. నీళ్ళలో స్థానం గుర్తించడానికి మేము వాడే పద్ధతి నిజానికి చాలా సాదాది. ఓడ శిథిలం చుట్టూ కదలని గుర్తులు పాతుతాం. కొలవదలచిన బిందువు నుంచి కనీసం నాలుగు గుర్తులకు టేపు లాగి దూరాలు, డైవ్ కంప్యూటర్‌తో లోతు, ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకుంటాం. పైకి వచ్చాక ఆ దూరాలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో కంప్యూటర్ లెక్కకట్టి చెబుతుంది. ఒక దూలం కొసకు నేను కొలిచిన నాలుగు దూరాల్లో ఒకటి సరిగ్గా మీటరు తేడాతో తప్పింది. 6.84 అని రాయవలసింది 7.84 అని రాశాను; టేపు మీద మీటరు అంకె నా బొటనవేలి కింద ఉండిపోయింది. మర్నాడు మళ్ళీ కొలవాలని అనుకున్నాం గాని గాలి లేచి నాలుగు రోజులు పడవ కదలలేదు, తవ్వకం గడువు ముగిసిపోయింది. మిగిలిన మూడు దూరాల్లోనూ ఒకటి టేపు జారి నమ్మదగనిది అయింది. ఆ బిందువు ఇవాళ్టికీ మా పటంలో లేదు. దూలం కొస ఎటు తిరిగిందో తెలిస్తే ఓడ ఏ పక్కకు ఒరిగిందో చెప్పగలిగేవాళ్ళం. నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ రోజు తరువాత నేను ప్రతి కొలతనూ మాస్కుకు దగ్గరగా తెచ్చుకుని, అంకెను లోపల ఒకసారి చదివి, రాసి, మళ్ళీ టేపు చూసి సరిపోల్చుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు చాలాచోట్ల టేపు పనిని ఛాయాచిత్రాలు తీసుకున్నాయి. వందల, వేల ఫొటోలను కలిపి మూడు కొలతల నమూనా తయారుచేసే పద్ధతి వచ్చాక, నీరు తేటగా ఉన్నచోట ఒక్క వారంలో అయ్యే పనికి పూర్వం ఒక వేసవి పట్టేది. నల్లసముద్రంలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ప్రాణవాయువు లేని నీటిలో తెరచాప కొయ్యతో సహా నిలిచి ఉన్న 2,400 ఏళ్ళ నాటి గ్రీకు ఓడను 2018లో లోకానికి ప్రకటించినప్పుడు, దాని దగ్గరకు మనిషి వెళ్ళలేదు. యంత్రం వెళ్ళి చిత్రాలు తెచ్చింది. అయినా మా విభాగంలో మొదట టేపే నేర్పుతారు. అది సరైన పనేనని నా నమ్మకం. కొలత ఎక్కడ ఎలా తప్పుతుందో చేత్తో తెలిసినవారికే తెర మీది అందమైన నమూనాను అనుమానించడం వస్తుంది.

మొదటి ఏడాది సిద్ధాంత భాగంలో నన్ను అందరికంటే ఎక్కువగా పట్టుకున్నది కీత్ మకల్‌రాయ్. 1978లో ఆయన ఈ శాస్త్రానికి ఒక సైద్ధాంతిక చట్రం కట్టి పుస్తకం వెలువరించారు. 1980లో స్కాట్లండ్‌లోని లాక్ టే సరస్సులో డైవింగ్ ప్రమాదంలో ఇరవైల వయసులోనే మరణించారు. ఆయన వేసిన ప్రశ్న సూటిది: నీళ్ళ మీద తిరిగిన ఓడకూ, మనకు సముద్రపు అడుగున దొరికిన కుప్పకూ మధ్య ఏం జరిగింది? మునిగేటప్పుడు కొన్ని వస్తువులు తేలిపోతాయి. తరువాత కొందరు వచ్చి దొరికినంత తీసుకుపోతారు. మెత్తనివి కుళ్ళిపోతాయి. ఇవి జల్లెడలు. మునగడమూ, అలలూ, ఇసుక కదలికా మిగిలినవాటిని కలగాపులగం చేస్తాయి. ఏ జల్లెడ ఏం వదిలిందో, ఏ కదలిక ఏం చెదరగొట్టిందో వెనక్కి విప్పుకుంటూ పోతే తప్ప ఓడ కనబడదు. షెట్లాండ్ దగ్గర 1664లో మునిగిన కెన్నెమర్‌లాండ్ అనే డచ్చి ఓడ సామాను ఎలా చెల్లాచెదురై ఉందో గణాంకాలతో పరిశీలించి ఆయన ఈ పద్ధతిని వాడి చూపారు.

ఈ జల్లెడ మాట తెలిశాక మేరీ రోజ్ నాకు కొత్తగా కనిపించింది. 1545 జూలై 19న ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కళ్ళముందే మునిగిన ఆ యుద్ధనౌక కుడి పక్కకు ఒరిగి మెత్తని ఒండ్రులోకి దిగబడింది. పైకి తేలి ఉన్న ఎడమ పక్క ప్రవాహానికి, ఓడపురుగులకు బలైపోయింది. పూడిన సగం మాత్రం విల్లులతో, జోళ్ళతో, వైద్యుడి పెట్టెతో సహా భద్రంగా ఉండి, 1982 అక్టోబరు 11న పైకి వచ్చింది. సుమారు 19,000 వస్తువులు దొరికాయి. ఒండ్రు పూడ్చిన చోట గతం మిగిలింది, పూడ్చని చోట పోయింది. అందుచేత ఓడ కంటే ముందు ఒండ్రును చదవాలి. అలాంటి ఒండ్రు కిందే, మేరీ రోజ్ మునిగిన సోలెంట్ జలసంధిలోనే బౌల్డ్‌నర్ కొండ దగ్గర, 11 మీటర్ల లోతున ఎనిమిది వేల ఏళ్ళ కిందటి మనుషుల నివాసం ఉంది. అప్పటికి అది నేల. మంచుయుగం తరువాత సముద్రమట్టం పెరిగి మునిగింది. 1999లో ఒక పెద్ద రొయ్య తన బొరియ తవ్వుకుంటూ బయటికి నెట్టిన మట్టిలో మనుషులు చెక్కిన చెకుముకి రాళ్ళు డైవర్ల కంటపడటంతో అది తెలిసింది. ఈ శాస్త్రం ఓడలకే పరిమితం కాదని చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఆ రొయ్య సంగతే చెబుతాను.

ఇక కొయ్య. నా మనసు నిలిచిపోయింది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఓడను కట్టడానికి స్థూలంగా రెండు దారులున్నాయి. మొదటిదానిలో అడుగుదూలం వేసి, దానికి ఇరువైపులా పలకలను ఒకదాని అంచుకు ఒకటి బిగించుకుంటూ పోతారు. గిన్నెలాంటి ఒళ్ళు తయారయ్యాక లోపల పక్కటెముకల్లా అడ్డకొయ్యలు బిగిస్తారు. రెండోదానిలో ముందు ఆ ఎముకలగూడు నిలబెట్టి దాని మీద పలకలు తాపడం చేస్తారు. ప్రాచీన మధ్యధరా ఓడలు మొదటి పద్ధతివి. పలక అంచులో బెజ్జం తొలిచి, దానిలో కొయ్య నాలుక దిగ్గొట్టి, దాని మీదికి పై పలక బెజ్జాన్ని కూర్చి, రెండింటినీ అడ్డంగా కొయ్యమేకుతో బంధించేవారు. ఒక చిన్న వర్తక నౌకకు ఇలాంటి కీళ్ళు వేల సంఖ్యలో కావాలి. క్రీస్తు శకం మొదటి వేయి సంవత్సరాల్లో ఆ నాలుకలు క్రమంగా చిన్నవై, దూరదూరమై, చివరికి మాయమయ్యాయి; ఎముకలగూడు ముందుకు వచ్చింది. తుర్కియేలోని సెర్చె లిమనీలో 11వ శతాబ్దంలో గాజు పెంకుల సరుకుతో మునిగిన ఓడ ఈ రెండో పద్ధతికి తొలి సాక్ష్యాల్లో ఒకటి. ఇస్తాంబుల్‌లో మెట్రో రైలు కోసం నేల తవ్వుతుంటే యెనికాపీ అనే చోట పూడిపోయిన పాత రేవు నుంచి 37 ఓడలు బయటపడ్డాయి; అవి ఈ మార్పు జరిగిన శతాబ్దాలవే కాబట్టి, మార్పు ఒక్క గీతలా కాక అనేక దారుల్లో నడిచిందని వాటినిబట్టి తెలిసింది. ఆ 37 ఓడల తవ్వకమంతా నేల మీదే, బూట్లు వేసుకుని జరిగింది.

ఒక పద్ధతి పోయి ఇంకొకటి రావడం ఇంజనీరింగు సంగతిగా మాత్రమే కనబడవచ్చు. పలకల పద్ధతిలో ఓడ ఆకారం వడ్రంగి కంట్లో ఉంటుంది, ఒక్కొక్క పలక వంపుతో అది పుడుతుంది. ప్రతి కీలుకూ నిపుణుడైన చేయి కావాలి. గూడు పద్ధతిలో ఆకారం ముందే నిర్ణయమవుతుంది. దాన్ని నిర్ణయించినవాడు ఒకడు, పలకలు కొట్టేవారు వేరు. నేర్పు ఎవరి చేతిలో ఉందో, కూలి ఎవరికి ఎంత దక్కిందో, కొయ్య ఎంత వృథా అయిందో, ఇవన్నీ ఆ కీళ్ళలో రాసిపెట్టి ఉన్నాయి. చదవగలిగితే అంతకంటే నమ్మకమైన పత్రం ఉండదని నా అభిప్రాయం.

ఆ చదువు నేర్పినవారిలో అగ్రగణ్యుడు రిచర్డ్ స్టెఫీ. ఆయనకు పురావస్తు శాస్త్రంలో పట్టా లేదు. పెన్సిల్వేనియాలో విద్యుత్ పనులు చేయించే వ్యాపారం ఆయనది, ఓడల నమూనాలు చేయడం అభిరుచి. సైప్రస్ తీరాన కిరీనియా దగ్గర దొరికిన క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు వర్తక నౌక ముక్కలను తిరిగి కూర్చే పనికి 1970లలో ఆయన వ్యాపారం వదిలి వెళ్ళారు. ఆ ముక్కలు వేలల్లో ఉన్నాయి. తరువాత టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, 1985లో మెకార్థర్ ఫెలోషిప్ పొందారు. నమూనా కట్టి చూడటమే ఆయన వాదన పద్ధతి. కాగితం మీద సరిపోయిన పలక నమూనాలో వంగనంటే కాగితమే తప్పు.

కొయ్య ఎంత దూరం మాట్లాడగలదో డెన్మార్క్‌లో స్కుల్దెలెవ్ ఓడలు చెబుతాయి. 11వ శతాబ్దంలో రోస్కిల్దె ఫియర్డ్ అనే సన్నని సముద్రపు పాయ దారిని మూయడానికి రాళ్ళు నింపి కావాలని ముంచిన ఓడలవి. 1962లో చుట్టూ ఇనుప రేకుల గోడ కట్టి, నీళ్ళు తోడేసి తవ్వారు. ఆరు ఓడలని మొదట అనుకున్నారు గాని, రెండో ఓడ, నాలుగో ఓడ ఒకటేనని తరువాత తేలడంతో ఇప్పటికీ ఆ వరుసలో నాలుగో సంఖ్య లేదు. ఆ రెండో ఓడ సుమారు 30 మీటర్ల పొడవైన యుద్ధనౌక. దాని ఓక్ పలకల్లోని వార్షిక వలయాల వెడల్పులను వేర్వేరు ప్రాంతాల చెట్ల వరుసలతో పోల్చగా, చెట్లు డెన్మార్క్‌వి కావనీ, డబ్లిన్ ప్రాంతంలో 1042 ప్రాంతంలో నరికినవనీ తెలిసింది. ఐర్లాండ్‌లో కట్టిన వైకింగు ఓడ డెన్మార్క్ రేవులో కాపలా గోడగా ముగిసింది. వేల్స్‌లో 2002లో దొరికిన న్యూపోర్ట్ ఓడ అడుగుదూలంలో చిన్న గుంట తొలిచి, దానిలో ఒక ఫ్రెంచి వెండి నాణెం పెట్టి, మరో కొయ్యతో మూసేశారు. ఓడ బతికినంతకాలం ఆ నాణెం ఎవరి కంటా పడే వీలు లేదు. 1447లో ముద్రించిన నాణెం కావటంచేత అంతకుముందు ఆ దూలం వేయలేదని రుజువైంది. పెట్టినవారి నమ్మకం వేరే సంగతి, అది నన్ను ఎంతగానో కదిలించింది.

సంరక్షణ పాఠాల గురించి క్లుప్తంగా చెబుతాను. నీటిలోంచి తీసిన ఏ వస్తువైనా ఆ క్షణం నుంచే పాడవడం మొదలవుతుంది, కాబట్టి చూసుకునే స్తోమత లేకుండా తీయకూడదన్నది మాకు మొదటి రోజే చెప్పిన నియమం. 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోం రేవులో మునిగి 1961లో పైకి వచ్చిన వాసా నౌకపై పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని 17 ఏళ్ళు చల్లారు. ఆ మైనపు పదార్థం కణాల్లోని నీటి స్థానంలో చేరి కొయ్యను నిలబెడుతుంది. అంతా అయిందనుకున్న తరువాత, 2000 సంవత్సరం నాటికి కొయ్య మీద ఆమ్లపు పొడి కనిపించింది. రేవులోని మురికి నీటి నుంచి శతాబ్దాలుగా కొయ్యలో చేరిన గంధకం, తుప్పుపట్టిన ఇనుప మేకుల సాయంతో గంధకామ్లంగా మారుతోంది. ఐదు వేలకు పైగా ఇనుప బోల్టులను తీసి తుప్పుపట్టని ఉక్కువి వేశారు. నాకు ఇష్టమైన పాఠం మాత్రం చిన్నది. ఇనుప పనిముట్టు సముద్రంలో పడితే దాని చుట్టూ సున్నపు పెంకు గట్టిపడుతుంది. లోపలి ఇనుము కరిగిపోయి పెంకు అచ్చులా మిగులుతుంది. ఎక్స్‌రే తీసి, లోపలి ఖాళీలో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి, గట్టిపడ్డాక పెంకు ఒలిచేస్తే, ఎప్పుడో లేకుండా పోయిన గొడ్డలి మన చేతిలో ఉంటుంది. మా ప్రయోగశాలలో మొదటిసారి ఒక ఉలి అలా బయటపడినప్పుడు గదిలో ఎవరమూ మాట్లాడలేదు.

రెండో సెమిస్టర్‌లో ఎక్కువ వాదోపవాదాలు జరిగింది బెలితుంగ్ ఓడ మీద. ఇండోనేసియా జలాల్లో 1998లో దొరికిన ఈ 9వ శతాబ్దపు ఓడ, పలకలను మేకులతో కాక తాళ్ళతో కుట్టి కట్టినది. పశ్చిమ హిందూ మహాసముద్ర తీరాల సంప్రదాయం అది. దానిలో సుమారు 60,000 చైనా పింగాణీ, మట్టి పాత్రలున్నాయి, ఒక గిన్నె మీద 826కు సరిపోయే తేదీ ఉంది. టాంగ్ వంశపు చైనాకూ అరబ్బు తీరాలకూ మధ్య నేరుగా సాగిన సముద్ర వ్యాపారానికి ఇంతటి సాక్ష్యం మరొకటి లేదు. కాని దాన్ని తీసింది వ్యాపార సంస్థ, తొందర తొందరగా. సరుకును తరువాత సింగపూర్ కొన్నది. 2011లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టబోతే పురావస్తు శాస్త్రజ్ఞులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు, అది ఆగిపోయింది. సరుకు చెదరకుండా ఒకేచోట ఉంచారు కదా, తీయకపోతే దొంగలు తీసేవారు కదా అని తరగతిలో సగం మంది అన్నారు. యునెస్కో 2001లో ఆమోదించి 2009 నుంచి అమలులోకి వచ్చిన ఒప్పందం, కనీసం నూరేళ్ళు నీటిలో ఉన్న వారసత్వాన్ని వ్యాపారానికి వాడకూడదంటుంది. ఉన్నచోటే కాపాడటాన్ని మొదటి మార్గంగా ఆలోచించమంటుంది. నేను ఆ ఒప్పందం పక్షాన వాదించాను, ఇప్పటికీ అదే పక్షం. అరవై వేల పాత్రలు భద్రంగానే ఉన్నాయి. ఆ పాత్రలు ఓడలో ఏ వరుసలో, దేని మీద ఏది, ఎవరి పడక పక్కన ఉన్నాయో చెప్పే సమాచారంలో ఎంతో భాగం పోయింది. పాత్ర మళ్ళీ ఎక్కడైనా దొరకవచ్చు, ఆ వరుస దొరకదు.

చేరదలచినవారు తరచు అడిగే రెండు మూడు సంగతులు. సౌతాంప్టన్, టెక్సాస్ ఏ అండ్ ఎమ్, ఫ్లిండర్స్, ఈస్ట్ కరోలినా వంటి విశ్వవిద్యాలయాలు ఈ రంగానికి పేరుపొందినవి. ఒక్కొక్కదాని మొగ్గు వేరు, కాబట్టి పేరును బట్టి కాక అక్కడి ఆచార్యులు ఏ కాలం, ఏ సముద్రం మీద పని చేస్తున్నారో చూసి ఎంచుకోవాలి. డైవింగ్ రాకపోయినా ఈ చదువు చదవవచ్చు. మా బృందంలో అందరికంటే చక్కని సిద్ధాంత వ్యాసం రాస్తున్నది ఎన్నడూ నీళ్ళలో దిగని, పాత ఓడరేవుల పన్ను లెక్కలు చదివే అమ్మాయి. డైవ్ చేయదలచినవారికి మాత్రం వినోదానికి తీసుకున్న పత్రం చాలదు. పని కోసం దిగేవారికి చాలా దేశాలు వేరే శిక్షణ, వైద్య పరీక్ష విధిగా పెట్టాయి. పురావస్తు పట్టా లేకుండా చరిత్ర నుంచి, భూగర్భశాస్త్రం నుంచి, నౌకా నిర్మాణం నుంచి వచ్చినవారున్నారు, వారు తెచ్చినది మాకు ఉపయోగపడుతోంది. గీయడం రావాలి. చదువు అయ్యాక చాలామంది స్థిరపడేది సముద్రంలో గాలిమరలు పాతేముందు, తీగలు పరిచేముందు అడుగున ఏముందో ధ్వని తరంగాలతో తీసే సోనార్ చిత్రాల్లో వెతికి చెప్పే ఉద్యోగాల్లో. అది గొప్ప పని కాదని కొందరంటారు, నేను ఒప్పుకోను. నాశనం కాబోయే ఓడను ముందుగా చూడగలిగేది వారే.

మళ్ళీ నా పలక దగ్గరకు వస్తాను. పారదర్శకమైన పత్రం దాని మీద పరిచి ప్రతి గుర్తునూ అసలు కొలతలో, రంగుల సిరాతో గీస్తున్నాను: బాడిస దెబ్బలు, రంపపు గీతలు, కొయ్యమేకుల రంధ్రాలు, ముడులు, సందుల్లో కుక్కిన జంతువుల వెంట్రుకల తునకలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు. మొన్న సాయంత్రం దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా పెట్టినప్పుడు ఒక కొయ్యమేకు రంధ్రానికి నాలుగు సెంటీమీటర్ల పక్కన గుండ్రని నీడ కనబడింది. ముందు ముడి అనుకున్నాను. తడిపి చూస్తే చిన్న కొయ్య బిరడా. బరమాతో రంధ్రం మొదలుపెట్టి, 19 మిల్లీమీటర్లు దింపి, ఆపేసి, నీరు దూరకుండా బిరడా కొట్టేశారు. పలక మందం 32 మిల్లీమీటర్లు, అంటే అది అవతలికి చేరనే లేదు. పక్కనే సూదిమొనతో గీసిన సన్నని నిలువు గీత ఉంది. సరైన రంధ్రం ఆ గీత మీద ఉంది, తప్పు రంధ్రం పక్కకు పోయింది.

మా ఆచార్యులు వచ్చి చూసి, బిరడా ఏ ముఖాన ఉందని అడిగారు. ఓడ బయటి ముఖాన. లోపలి నుంచి బరమా వేసేవాడికి అడ్డకొయ్య ఎదురుగానే ఉంటుంది, దానికి గీత అక్కర్లేదు. బయటి నుంచి వేసేవాడికి అడ్డకొయ్య కనబడదు, అది ఎక్కడుందో గీత గీసుకుని ఆ గీతను నమ్మి వేయాలి. అంటే ఈ పలక బిగించేనాటికి దాని వెనక అడ్డకొయ్య నిలబడి ఉండవచ్చు. ఈ ఓడ పలకల పద్ధతిదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాం. ఒక్క రంధ్రంతో ఏదీ తేలదు. మరమ్మతులో తరువాత మార్చిన పలకైనా కావచ్చు. పత్రం మీద దాన్ని ఊదారంగులో గీసి, ‘అసంపూర్తి రంధ్రం, బయటి ముఖం, లోతు 19, బిరడా ఉంది’ అని రాసి, పలకను తొట్టెలోకి దించాం. పక్క తొట్టెలో ఇదే వరుసకు చెందిన పలకలు ఇంకా పదకొండు ఉన్నాయి. రేపు మొదటిదాన్ని ఎత్తి, దీపం ఏటవాలుగా పెట్టి, బయటి ముఖం నుంచే మొదలుపెడతాం.